కుర్చీ ఇచ్చేవాళ్లున్నారు, కొలిచేవాళ్లేరీ?

11 ఏళ్ల కిందట ఒక పంపిణీ శిబిరంలో నేను పెట్టిన సంతకంతోనే ఈ వ్యాసం మొదలుపెట్టాలి. ఫంక్షన్ హాల్లో వందకు పైగా వీల్‌చైర్లను వరుసలుగా నిలబెట్టారు. అన్నీ ఒకే రంగు, అన్నింటికీ 18 అంగుళాల సీటు. చేతులు ఆనించే చోట ప్లాస్టిక్ కవరు కూడా ఊడదీయలేదు. సర్కారు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి నాకప్పటికి 3 ఏళ్లు. మనిషి తన వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చూపిస్తాడు, నేను పేరు సరిచూసి, 'వీల్‌చైర్‌కు అర్హుడు' అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేస్తాను, ఇద్దరు కుర్రాళ్లు అతన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెడతారు, వేదిక మీదివాళ్లు కిందికి దిగివచ్చి ఫొటో దిగుతారు. ఒక్కొక్కరి మీద నేను వెచ్చించిన సమయం 2 నిమిషాలు దాటి ఉండదు. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు మంచి పని చేశానన్న తృప్తి కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

ఆ వరుసలో ఒక గీత కార్మికుడు ఉన్నాడు. వయసు 34. తాటిచెట్టు మీద ఉండగా మోకు తెగి పడిపోయి, వెన్నుపూస విరిగి, నడుము కింది భాగంలో కదలికా స్పర్శా రెండూ పోయినవాడు. మా ప్రాంతంలో ఇది అరుదైన కథేమీ కాదు; గీత కార్మికులకు పడిపోకుండా ఆపే మోకు పరికరాలను ఇవ్వడానికి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో తెలంగాణ ప్రభుత్వం 2024లో ఒక పథకమే పెట్టవలసి వచ్చింది. మంచంలో నెలల తరబడి పడి ఉండటం వల్ల ఆయన బాగా చిక్కిపోయాడు. ఇప్పుడు తలచుకుంటే, ఆయన తుంటి వెడల్పు 13 అంగుళాలకు మించి ఉండదు. 18 అంగుళాల కుర్చీలో రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీ కనిపిస్తూనే ఉంది. చూశాను కూడా. అది తప్పని నాకు తెలియదు.

8 వారాల తరవాత ఆయన్ను ఆటోలో బోర్లా పడుకోబెట్టి మా ఆస్పత్రికి తెచ్చారు. వెన్ను అడుగున, తోక ఎముక మీద, బయటికి రూపాయి బిళ్లంతే కనిపిస్తున్న పుండు లోపల పిడికిలి పట్టేంత లోతుగా ఉంది. మనం దీన్ని 'బెడ్‌సోర్' అంటాం. ఆ పేరే సగం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఆయనకది మంచంలో రాలేదు, కుర్చీలో వచ్చింది. డ్రెస్సింగ్ చేస్తుండగా ఆయన నాతో అన్న మాట ఇది: "కుర్సీ మంచిగనే ఉంది సారూ, నాకే సక్కగ కూసునుడు శాతకాలే." తప్పు తనదేనని ఆయన నమ్ముతున్నాడు. కాగితం మీదేమో, ఆయనకు వీల్‌చైర్ అందింది, పథకం నెరవేరింది.

తరవాత నాలుగేళ్లకు గానీ నాకు తెలియని ఆ యంత్రశాస్త్రాన్ని ఇక్కడే చెప్పేస్తాను. సీటు వెడల్పుగా ఉండి, రెండు గొట్టాల మధ్య కట్టిన రెగ్జిన్ గుడ్డ ఉయ్యాలలా కుంగితే, కూర్చున్న మనిషికి ఆధారం దొరకదు. పొట్ట కండరాల్లో పట్టులేని మనిషి పడిపోకుండా నిలదొక్కుకోవడానికి వీపును గూనిలా వంచి, తుంటిని వెనక్కి ఒరగనిచ్చి, మెల్లగా ముందుకు జారతాడు. అప్పుడు శరీరం బరువు పిరుదుల అడుగున ఉండే కూర్చునే ఎముకల మీద నుంచి తోక ఎముక మీదికి మారుతుంది. ఆ ఎముక మీద కండ లేదు, చర్మం మాత్రమే ఉంది. జారుతున్నకొద్దీ ఆ చర్మం ఒక పక్కకి, లోపలి ఎముక మరో పక్కకి లాగుతాయి. నెత్తురు ఆడదు. స్పర్శ ఉన్న మనిషైతే రెండు నిమిషాలకే ఇబ్బందిపడి కదులుతాడు, మీరూ నేనూ కుర్చీలో తెలియకుండానే చేసే పని అదే. ఈయనకు ఆ కబురు మెదడుకు చేరే దారి తెగిపోయింది. ఫుట్‌రెస్టులు మరీ కిందికి ఉంటే జారుడు ఇంకా పెరుగుతుంది, మరీ పైకి ఉంటే తొడలు లేచి బరువంతా కూర్చునే ఎముకల మీదే పడుతుంది. ఇందులో ఏ ఒక్కటీ రాకెట్ శాస్త్రం కాదు. ఒక ఇనుప టేపు, ఒక స్పానరు, చూడటం నేర్చిన రెండు కళ్లు ఉంటే పట్టుకోగలిగినవే.

కాబట్టి నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మన దగ్గర వీల్‌చైర్ల కొరత గురించి ఎంతో మాట్లాడుకుంటున్నాం, కానీ అసలు కొరత కుర్చీని మనిషికి కుదిర్చే పని తెలిసినవాళ్లది. ఆ పని నేర్పకుండా ఎన్ని వేల కుర్చీలు పంచినా మనం పంచుతున్నది ఇనుమే. ఇది ఫిజియోథెరపిస్టుగా నా వృత్తి మీద నేనే చేస్తున్న ఫిర్యాదు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో, వనరులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో చేత్తో నడిపే వీల్‌చైర్లను ఎలా అందించాలో చెబుతూ మార్గదర్శకాలు వెలువరించింది. వీల్‌చైర్ సేవ అంటే 8 మెట్లని అందులో స్పష్టంగా ఉంది. మనిషిని గుర్తించి పిలిపించడం, అవసరాన్నీ శరీరాన్నీ పరీక్షించి అంచనా వేయడం, తగిన కుర్చీనీ కొలతలనూ నిర్ణయించడం, డబ్బు సమకూర్చి తెప్పించడం, కుర్చీని సిద్ధం చేయడం, మనిషిని కూర్చోబెట్టి సరిచూసి సర్దడం, వాడేవారికీ ఇంట్లోవారికీ నేర్పడం, ఆ తరవాత మరమ్మతులతో సహా మళ్లీ మళ్లీ చూడటం. మా శిబిరంలో మేం చేసింది మొదటిదీ, నాలుగోదీ. మిగిలిన ఆరూ వేదిక మీది బ్యానర్ వెనక ఎక్కడో ఉండిపోయాయి. ఆ మార్గదర్శకాలకు కొనసాగింపుగా అదే సంస్థ 2012లో ప్రాథమిక స్థాయి శిక్షణ పాఠాలను, 2013లో కూర్చోవడానికి అదనపు ఆధారం కావలసినవారి కోసం మధ్య స్థాయి పాఠాలను, 2015లో అధికారుల కోసం, నిర్వాహకుల కోసం మరో పాఠ్యాన్ని తయారుచేసి ఉచితంగా అందుబాటులో ఉంచింది. 2023లో మార్గదర్శకాలను కొత్తగా రాసింది కూడా. నేను సంతకం పెట్టే నాటికే ప్రాథమిక స్థాయి పాఠాలు లోకంలో ఉన్నాయన్న సంగతి నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

మరి నాలుగున్నరేళ్ల ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీలో నేనేం చదివాను? వీల్‌చైర్ బొమ్మ గీసి భాగాలు గుర్తించుము, 5 మార్కులు. నేను చక్కగా గీశాను, 4 వచ్చాయి. పెద్ద చక్రం, చిన్న చక్రం, చేతి రింగు, బ్రేకు అన్నీ బాణం గుర్తులతో. ఆ బొమ్మలో మనిషి లేడు. ఇంటర్న్‌షిప్‌లో వార్డు నుంచి ఎక్స్‌రే గదికి రోగిని తోసుకెళ్లే కుర్చీ తప్ప మరో కుర్చీని తాకిన గుర్తు లేదు. అదొక చిత్రమైన విషయం: ఆస్పత్రి వరండాలో పది నిమిషాలు ఎవరైనా కూర్చోవడానికి చేసిన కుర్చీని, జీవితమంతా రోజుకు పది గంటలు ఒకే మనిషి కూర్చోవడానికి ఇచ్చే కుర్చీతో మా చదువే కలిపేసింది.

ఆ మడత కుర్చీ పుట్టుక గురించి చిన్న పక్కమాట. గనిలో ప్రమాదానికి గురై వెన్ను దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్టు అనే ఇంజనీరు, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930ల్లో లాస్ ఏంజిలెస్‌లో ఇనుప గొట్టాలతో మడత వీల్‌చైర్ తయారుచేశాడు. మడిచి కారులో పెట్టుకోవడానికి పనికొచ్చే కుర్చీ కావాలన్నది ఆయన అవసరం. అంటే అది ఒక మనిషి తన ఒంటికీ తన జీవితానికీ సరిపడేలా చేయించుకున్న వస్తువు. దాని మనవల మనవలను మనం కారు లేని ఊళ్లకు, కంకర తేలిన వీధులకు, అడుగు ఎత్తు గడపలున్న ఇళ్లకు, అందరికీ ఒకే కొలతలో పంచుతున్నాం.

మన పొరుగున వేరే దారి లేకపోలేదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్‌గా ఉండగా 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుము కింద చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్, వీల్‌చైర్‌లో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు, న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు, 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలవడానికి కారణమయ్యారు. చిత్తూరు నుంచీ నెల్లూరు నుంచీ వెన్ను దెబ్బతిన్నవారిని ఇవాళ్టికీ వేలూరుకే తీసుకెళ్తారు. ఆమె కథను ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది మరొకటి: అంతటి వైద్యురాలు, పైగా స్వయంగా వీల్‌చైర్ వాడే మనిషి కూడా, ఈ పని చేయాలంటే ముందు వెళ్లి నేర్చుకోవాలనుకున్నారు.

నేను నేర్చుకున్నది బెంగళూరులో. 1994 నుంచి వికలాంగుల కోసం పనిచేస్తున్న మొబిలిటీ ఇండియా వంటి సంస్థలు ఆ నగరంలో ఉండటం వల్ల దక్షిణాదిలో ఈ రంగంలోని వాళ్లకు బెంగళూరు అంటే ఒక రకంగా పుట్టిల్లు. 5 రోజుల ప్రాథమిక శిక్షణ. దానికి ముందు ఆన్‌లైన్‌లో పాఠాలు చదివి, ప్రశ్నలకు జవాబులు గుర్తించి పాసయ్యాను కూడా, అందుకే మొదటి రోజు నాకు కాస్త ధీమాగానే ఉంది. మా శిక్షకురాలు తన వీల్‌చైర్ నడుపుకుంటూ లోపలికి వచ్చి, మాలో ఇద్దర్ని పిలిచి, ఒకరి తుంటి వెడల్పును మరొకరు కొలవమన్నారు. నేను జేబులోంచి మెత్తని టైలరు టేపు తీసి ఎదుటివాడి నడుం చుట్టూ తిప్పాను. గదిలో నవ్వులు. జాకెట్టు కుట్టేవాడికి చుట్టుకొలత కావాలి, కుర్చీ చేసేవాడికి వెడల్పు కావాలి. రెండు అట్టలను తుంటికి అటొకటి ఇటొకటి నిలువుగా ఆనించి, వాటి నడుమ దూరాన్ని వడ్రంగి వాడే ఇనుప టేపుతో చూడాలి. తుంటి వెనక అంచు నుంచి మోకాలి వెనక మడత వరకూ కొలిచి, దాంట్లో 3 నుంచి 6 సెంటీమీటర్లు తీసేస్తే సీటు లోతు వస్తుంది. ఆ కాస్తా తీసేయకపోతే సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది, మనిషి ఆ బాధకో ఒత్తిడికో ముందుకు జారతాడు. పిక్క పొడవును మనిషి రోజూ తొడిగే చెప్పులతోనే కొలవాలి. ఇవన్నీ ఆన్‌లైన్ పాఠంలో ఉన్నవే, నేను పాసైనవే. చేతికి మాత్రం రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేర్పినది నా వృత్తి జీవితాన్ని రెండుగా చీల్చింది. కుర్చీలో, తన కుషన్ మీద కూర్చున్న మనిషిని కాస్త పక్కకు ఒరగమని, కూర్చునే ఎముక కిందికి మన వేళ్లు పోనిచ్చి, మళ్లీ మామూలుగా కూర్చోమనాలి. ఆ బరువు కింద మన వేలికొనలు కొద్దిగానైనా పైకీ కిందికీ ఆడుతున్నాయంటే ఆ చోటు క్షేమం. ఆడించలేకపోతున్నా, బయటికి లాగితే జారి వస్తున్నాయంటే హెచ్చరిక. ఎముకకూ కుషన్‌కూ మధ్య నలిగి, లాగినా రాకపోతున్నాయంటే ఆ మనిషిని ఆ కుషన్ మీద కూర్చోబెట్టకూడదు. రెండో పక్కనా అలాగే చూడాలి. అంతే పరీక్ష. పరికరం లేదు, కరెంటు లేదు. నా వేళ్లు మొదటిసారి అలా ఇరుక్కుపోయినప్పుడు, నేను సంతకం పెట్టిన వంద కుర్చీలూ వరుసగా కళ్లముందు నిలబడ్డాయి. ఏ ఒక్కదానిలోనూ కుషన్ లేదు.

నాలుగో రోజు గడపలు దాటడం. ముందు చిన్న చక్రాలను గాల్లోకి లేపి, వెనక చక్రాల మీద తూగుతూ నిలబడటం కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంవారు ఉచితంగా అందించే వీల్‌చైర్ నైపుణ్యాల పాఠాల్లోనూ కనిపిస్తుంది. నేను రెండుసార్లు వెల్లకిలా పడబోయాను, వెనక మనిషిని నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. ఏళ్ల తరబడి "ప్రాక్టీస్ చేయండి" అని రోగులకు చెప్పి పంపినవాడినే గానీ, ఏం ప్రాక్టీస్ చేయాలో నాకే తెలియదన్నది ఆ నేల మీద తెలిసివచ్చింది. శిక్షకుల్లో వీల్‌చైర్ వాడేవారు తప్పనిసరిగా ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం సానుభూతి కాదు. వాన నీళ్లు నిలిచిన వీధిలో కుర్చీ ఏమవుతుందో, పెళ్లింటి బాత్‌రూం తలుపు వెడల్పెంతో, వెనక నుంచి చెప్పకుండా తోసేవాళ్లంటే ఎంత భయమో వాళ్లకు తెలుసు, మాకు తెలియదు.

మధ్య స్థాయి పనిని నాకు నేర్పింది మాత్రం శిక్షణ కన్నా ముందు ఒక తల్లి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వచ్చే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలకు పట్టు తప్పిన) పిల్లాడు, ఆరేళ్లవాడు. వాడికి ఇచ్చింది కూడా పెద్దవాళ్ల కుర్చీయే. ఆమె అందులో రెండు పక్కలా పాత చీరలు మడిచి కుక్కింది, పొట్ట చుట్టూ తువ్వాలు కట్టింది, కాళ్ల కింద పీట పెట్టింది. అయినా వాడు ఒక పక్కకు వాలిపోతూనే ఉన్నాడు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆమె వాడి వెనక చేరి, తన రెండు అరచేతులతో తుంటిని అటూ ఇటూ గట్టిగా పట్టి, మోచేత్తో వెన్నుకు ఆసరా ఇచ్చేది. ఆ క్షణం వాడి తల నిలబడేది. మెతుకు పొలమారకుండా దిగేది. నేను అప్పట్లో దాన్ని తల్లి ప్రేమ అనుకుని ఊరుకున్నాను. తరవాత మధ్య స్థాయి శిక్షణలో చేతులతో పట్టి చూసే పరీక్షను నేర్పుతున్నప్పుడు తెలిసింది, ఆమె చేస్తున్నది సరిగ్గా అదేనని. చెయ్యి ఎక్కడ, ఎంత బలంగా పట్టితే శరీరం నిలబడుతుందో కనిపెట్టి, ఆ చోటులోనే కుర్చీకి దిమ్మెనో పట్టీనో అమర్చడమే ఈ విద్య సారం. ఆమె జవాబును కనిపెట్టింది. దాన్ని ఆమె చేతుల నుంచి తీసుకుని చెక్కలోకీ స్పాంజిలోకీ మార్చవలసిన మనిషి, అంటే నేను, ఎదురుగా నిలబడి కూడా ప్రశ్న ఉందనే గుర్తించలేదు.

ఇంతా చెబితే మా శాఖలోనే పెద్దలు నవ్వి అనే మాట ఒకటుంది: అసలు లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా, గుడ్డికన్నా మెల్ల మేలు. ఈ సామెత కూడా వైకల్యాన్ని అడ్డుపెట్టుకుని పుట్టిందేనన్న సంగతి వాళ్లకు తట్టదు. నేలమీద పాకుతున్న మనిషికి ఏ కుర్చీ అయినా వరమేనన్న మాటలో కొంత నిజముందని నేనూ ఒప్పుకుంటాను. స్పర్శ ఉండి, కండ ఉండి, ముసలితనంతో నడవలేని మనిషికి పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. కానీ ఎవరికి ప్రమాదం, ఎవరికి కాదన్నది తేల్చడానికైనా తెలిసిన మనిషి ఒకడు అక్కడ ఉండాలి కదా! వెన్ను తెగినవాడికి తప్పు కుర్చీ 'ఏదో ఒకటి' కాదు, అది మందు పేరుతో ఇచ్చిన విషం. పైగా పుండు మానడానికి పట్టిన నెలలు, ఆస్పత్రి ఖర్చు, ఆయనతోపాటు కూలి మానుకున్న భార్య రోజులు, ఇవేవీ కుర్చీ ధరలో కలిపి లెక్కవేసినవారు లేరు.

రెండో అభ్యంతరం జనాభా. ఇంతమందికి ఇంత తీరిగ్గా ఎక్కడ కుదురుతుందంటారు. సరే, లెక్క వేద్దాం. జనాభాలో దాదాపు ఒక శాతం మందికి వీల్‌చైర్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2011 జనగణన ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాలున్న ప్రాంతపు జనాభా 8.4 కోట్ల పైచిలుకు, అంటే అవసరం సుమారు 8.4 లక్షల మందికి. ఒక కుర్చీ 4 ఏళ్లు మన్నుతుందనుకుంటే ఏడాదికి 2.1 లక్షల మందిని చూడాలి. కొలవడం, సర్దడం, నేర్పడం కలిపి ఒక్కొక్కరికి 3 గంటలు, రోజుకు ఇద్దరు, ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే ఒక మనిషి 500 మందిని చూడగలడు. అంటే మొత్తం 420 మంది కావాలి. దాదాపు 60 జిల్లాలకు పంచితే జిల్లాకు ఏడుగురు. ఇది మోటు లెక్కే, మధ్య స్థాయి సేవ కావలసిన పిల్లలకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, దూరాలు ఉన్నాయి, సెలవులు ఉన్నాయి. రెట్టింపు చేసుకోండి, జిల్లాకు 14 మంది. ఇది అసాధ్యమైన సంఖ్యా? ప్రాథమిక స్థాయికి వాళ్లందరూ ఫిజియోథెరపిస్టులే కానక్కరలేదు. భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు, నర్సులు, గ్రామస్థాయి పునరావాస కార్యకర్తలు వారం రోజుల శిక్షణతో ఈ పని చేయగలరన్న ఆలోచన మీదే ఆ పాఠాలు తయారయ్యాయి.

అయితే ఇది ఎవరి పని అన్నది మన చట్టాల్లోనే చెల్లాచెదురై ఉంది. కృత్రిమ అవయవాల నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 చట్టం కింద ఏర్పడిన భారతీయ పునరావాస మండలి పరిధిలోకి వస్తారు. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. 1970ల నుంచి కాన్పూర్‌లోని ఆలింకో ప్రభుత్వ రంగంలో కుర్చీలు తయారుచేస్తోంది, 1981 నుంచి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం వాటిని పంచడానికి డబ్బిస్తోంది. తయారీకి ఒక ఇల్లుంది, డబ్బుకు ఒక ఇల్లుంది. కుర్చీకీ మనిషికీ నడుమ నిలబడవలసినవాడికి మాత్రం ఇల్లు లేదు, ఉన్నా అతను ఈ పని నేర్చాడా అని అడిగే గడి లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. అందులో 20వ అధికరణం వికలాంగులకే కాక, వారితో పనిచేసే నిపుణ సిబ్బందికి కూడా కదలిక నైపుణ్యాల్లో శిక్షణ ఇవ్వాలని విడిగా చెబుతోంది. కుర్చీ ఇవ్వడం మన దయ కాదని ఇప్పుడు అందరూ అంటున్నారు, సంతోషం. నాకు నేర్పడం కూడా ఎవరి దయా కాదని ఆ అధికరణం అంటోంది.

శిక్షణే సర్వరోగ నివారిణి అని నేననను. బెంగళూరు నుంచి వచ్చాక నా పరిస్థితి మరీ నవ్వులపాలైంది. ఇదివరకు కొలవడం తెలియదు, ఇప్పుడు కొలిచి "13 అంగుళాలు" అని రాస్తే, స్టోర్‌లో ఉన్నది 18 అంగుళాలది ఒక్కటే. టెండరులో అడిగింది అదే, తక్కువ ధరకు కోట్ చేసినవాడు ఇచ్చింది అదే. కొనే అధికారికి శిక్షణ లేకపోతే కొలిచేవాడి శిక్షణ గోడకు కొట్టిన బంతి అవుతుంది. అధికారుల కోసం 2015లో ఆ ప్రత్యేక పాఠం ఎందుకు రాశారో నాకప్పుడు అర్థమైంది. కుంగిన గుడ్డ మీద ప్లైవుడ్ పలక వేయించి, పరుపుల దుకాణంలో గట్టి స్పాంజి కొని, కూర్చునే ఎముకలు దిగేచోట కత్తితో లోతు చేసి, పైన మెత్తని పొర అతికించి, కుషన్లు సొంతంగా చేయడం మొదలుపెట్టాను. చక్రాల బేరింగులు, పంక్చర్లు, వంగిన ఫుట్‌రెస్టులు మా ఊరి సైకిల్ షాపాయన చూస్తాడు. నిజం చెప్పాలంటే మా జిల్లాలో ఎనిమిదో మెట్టును ఏ శిక్షణా లేకుండా నిర్వహిస్తున్న ఏకైక నిపుణుడు ఆయనే. శిక్షణ జాబితాలో ఆయన పేరు రాస్తే పై అధికారి అర్హత గడి చూపించి కొట్టేశారు.

మరో బెంగ కూడా ఉంది. నేర్చినవాళ్లు ఉండరు. నాతో చదివినవాళ్లలో కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ క్లిష్టమైన వీల్‌చైర్ రాయాలంటే థెరపిస్టు పరీక్షించి నివేదిక ఇవ్వాలి, సరఫరా చేసే సంస్థ తరఫున కూడా రెస్నా అనే సంఘం పరీక్ష పెట్టి ఇచ్చే ధ్రువపత్రం ఉన్న మనిషి ఉండాలి. మా మిత్రుడొకడు అక్కడికెళ్లాకే ఇది నేర్చుకుని, ఒక రోజంతా ఒకే మనిషి కుర్చీ మీద గడిపానని ఫోన్లో చెబితే, ఇక్కడ రోజంతా వంద సంతకాలు పెట్టిన నాకు ఏమనాలో తోచలేదు. పోయేవాళ్లు పోతారని నేర్పడం మానుకుంటే ఉండేవాళ్లకూ రాదు. ఉండేవాళ్లే ఎక్కువ.

తెలుగులో నేర్పడం మొదలుపెట్టాక మరో పాఠం నేర్చాను. పుస్తకంలో ఉన్నట్టు 'కటివలయం' అన్నాను, భవిత టీచర్లు నోట్సులో రాసుకున్నారు, ఒక్కరూ చెయ్యి సరైన చోట పెట్టలేదు. "కూసునే బొక్కలు" అన్నాక అందరి వేళ్లూ నేరుగా అక్కడికే వెళ్లాయి.

ఇప్పుడు శనివారాలు మా విభాగానికి వచ్చే ఇంటర్న్‌లకు ఒక గంట ఇదే పని. పాఠం చెప్పేది నేనొక్కడినే కాదు. ఆ గీత కార్మికుడు వస్తాడు. పుండు మానడానికి 14 నెలలు పట్టింది, ఇప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఆయన ఆటో కిరాయికి ఏ పద్దూ లేదు, కొన్నిసార్లు నేనిస్తాను, కొన్నిసార్లు ఆయన తీసుకోడు. కుషన్ మీద పక్కకు ఒరిగి, పిల్లల వేళ్లు కిందికి పోనిచ్చి, నింపాదిగా కూర్చుంటాడు. పోయిన నెల ఒక అమ్మాయి చెయ్యి పెట్టి, నొప్పిగా ఉందా అని ఆయన్ను అడిగింది. "నాకేం ఎరుక బిడ్డా, నీ ఏళ్లకే ఎరుక గావాలె," అన్నాడు. ఆ అమ్మాయి కాసేపు కళ్లు మూసుకుని వేలికొనలు ఆడించి చూసి, ఎడమ పక్క ఆడుతున్నాయి, కుడి పక్క ఆడటం లేదంది. తీసి చూస్తే స్పాంజి ఆ పక్క అణిగిపోయి ఉంది, మార్చాం. బయటికి వెళ్తూ అడిగింది, ఇది ఫైనల్ పరీక్షలో వస్తుందా సార్ అని. ఇప్పటికైతే బొమ్మే వస్తుంది, బాణం గుర్తులు నీటుగా పెట్టమని చెప్పాను.